నీల్ ఐలాండ్ ‘ఫుల్ డే’ ప్యాకేజీ కొనేవాళ్లకి జాగ్రత్త

అండమాన్ వెళ్లే ఆలోచనలో ఉన్నారా? ‘నీల్ ఐలాండ్ ఫుల్ డే, ఫ్యామిలీతో హాయిగా’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్ముతుంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పొద్దున పోర్ట్ బ్లెయిర్‌లో ఫెర్రీ ఎక్కి సాయంత్రానికి తిరిగొచ్చే ఆ ఒక్క రోజులో వాళ్లు రాసిచ్చేవన్నీ చూడటం కుదరదు. ఏజెంటు ఎంత మంచివాడైనా కుదరదు. అక్కడ టైం నిర్ణయించేది సముద్రం, ఫెర్రీ.

మేం వెళ్లినప్పుడు ఏజెంటు మాకు వాట్సాప్‌లో పంపిన జాబితా చెప్తాను. సీతాపూర్ బీచ్‌లో సూర్యోదయం, భరత్‌పూర్ బీచ్‌లో గ్లాస్ బాటమ్ బోటు (అడుగున అద్దం ఉండేది), నేచురల్ బ్రిడ్జ్ (ఒడ్డున వంతెనలా ఏర్పడిన రాయి), లక్ష్మణ్‌పూర్ బీచ్‌లో సూర్యాస్తమయం. చదవడానికి ఎంత బాగుందో! ఫెర్రీ టైములు ముందే పంపమని అడిగాను. ‘టికెట్లు కన్ఫర్మ్ అయ్యాక పంపిస్తాం మేడమ్’ అన్నారు. టికెట్లు వచ్చింది ప్రయాణానికి ముందు రాత్రి. చూస్తే ఫెర్రీ నీల్ చేరేసరికే పొద్దెక్కుతుంది, తిరుగు ఫెర్రీ మధ్యాహ్నం మూడు దాటగానే. ఇంక సూర్యోదయం ఎక్కడ, సూర్యాస్తమయం ఎక్కడ? అండమాన్ మనకి బాగా తూర్పున ఉంటుంది కాబట్టి డిసెంబర్, జనవరిల్లో ఐదు, ఐదున్నర మధ్యే పొద్దు గూకుతుంది. అంత త్వరగా గూకినా ఆ ఫెర్రీ అందుకోవాలంటే సూర్యాస్తమయం వదులుకోవాల్సిందే. సీతాపూర్‌లో సూర్యోదయం, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం రెండూ ఒకే ప్యాకేజీలో కనిపించి, రాత్రి బస మాత్రం లేకపోతే అది ఆ రోజు ఎలా నడుస్తుందో చూసుకోకుండా తయారుచేసిన కాగితమని అర్థం.

రెండో సంగతి ఎవరూ చెప్పరు. అది ఆటుపోట్లు. నేచురల్ బ్రిడ్జ్ దగ్గరికి ఆటు సమయంలోనే వెళ్లగలం. నీళ్లు తీసినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు కనిపిస్తాయి. పోటు వస్తే దారే మునిగిపోతుంది. భరత్‌పూర్‌లో బోటు తిరగాలంటే మాత్రం నీళ్లు తగినంత ఉండాలి. అక్కడ రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు ఆటు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దాదాపు ఆరు గంటలు. పైగా ఆ టైములు ఒక రోజు నుంచి మరో రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. మీకు చేతికొచ్చే ఆ కాసిని గంటల్లో బ్రిడ్జ్, బోటు రెండూ చక్కగా కుదరడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. ఏ తేదీకైనా ఒకే వరసలో ప్లాన్ పంపే ఏజెంటు ఆటుపోట్ల పట్టిక తెరిచి చూడలేదని గట్టిగా చెప్పొచ్చు.

మాకేం జరిగిందంటే, మమ్మల్ని బ్రిడ్జ్ దగ్గరికి తీసుకెళ్లేసరికి నీళ్లు పెరుగుతున్నాయి. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పి. అక్కడ నడవాల్సింది చచ్చిన పగడాల మీద, నాచు పట్టిన రాళ్ల మీద. ‘పెద్దవాళ్లకి ఇబ్బందేం ఉండదు’ అని ఫోన్లో చెప్పిన మనిషి ఆ చోటు ఎప్పుడైనా చూశాడో లేదో తెలీదు. ఆవిడ ఒక్కరే పైన చెట్టు కింద కూర్చుండిపోయారు. మేం సగం దూరం వెళ్లి భయమేసి వెనక్కొచ్చాం. అక్కడి నుంచి భరత్‌పూర్ వెళ్తే, ప్యాకేజీలో డబ్బు కట్టేసిన బోటు కూపన్ చూసి కౌంటర్‌లో అబ్బాయి ‘ఇది మాది కాదండీ’ అన్నాడు. ఏజెంటుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పిల్లలు ఆశగా చూస్తుంటే మళ్లీ డబ్బు కట్టి ఎక్కించాం. డ్రైవర్ పాపం మంచి మనిషే, ఆయనకి ఇచ్చిన లిస్టే అంత. కానీ మా వాడు ఏరిన పగడం ముక్కని ‘పర్లేదు, దాచుకో బాబూ’ అన్నప్పుడు మాత్రం నేను తీయించేశాను. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. చచ్చిన ముక్కైనా సరే, ఎయిర్‌పోర్టులో బ్యాగులో దొరికితే సమస్యే.

నాకు అసలు బాధ డబ్బు గురించి కాదు. అంత మంచి చోటుని అలా పరుగులు పెట్టించి చూపించారే అని. తర్వాత మిగిలిన రోజుల్లో కొంత సర్దుకుని, మేమే టికెట్లు కొనుక్కుని మళ్లీ నీల్ వెళ్లి రాత్రి ఉన్నాం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు స్థిరపడిన ఊరది. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని రామాయణం పేర్లు వింటూ అత్తయ్య మురిసిపోయారు. చిన్న దీవి, ఈ చివర నుంచి ఆ చివరికి సైకిల్ మీద వెళ్లిపోవచ్చు. కూరగాయల మళ్లు, వక్క చెట్లు, రోడ్డు పక్కనే ఇళ్లు. పిల్లలు సైకిళ్లు తొక్కారు, మేం బజారు దాకా నడిచాం, అలిసినప్పుడు ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నాం. సాయంత్రం లక్ష్మణ్‌పూర్ ఇసుకలో అత్తయ్య చెప్పులు విప్పి నీళ్లలో నిలబడ్డారు. తొందరేం లేదు. ఏ ప్యాకేజీలోనూ ఇది రాయరు, రాయడానికి అమ్మే వస్తువేం లేదు కాబట్టి.

అందుకే వీలైతే ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. ఒకే రోజు వెళ్లక తప్పదంటే అడ్వాన్స్ కట్టే ముందే రానూపోనూ ఫెర్రీల టైములు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తేదీన ఆటు ఎన్నింటికో అడగండి. సమాధానం తడబడితే అక్కడే ఆగిపోండి. బోటు, స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్లలోకి చూస్తూ ఈదడం) లాంటివి ప్యాకేజీలో కలపొద్దని చెప్పి అక్కడే కౌంటర్‌లో కొనుక్కోవడం మేలు. గాలివాన వస్తే ఫెర్రీలు రద్దవుతుంటాయి. అప్పుడు డబ్బు ఎవరు తిరిగిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా ముందే తేల్చుకోవాలి. ఎవరో వ్యక్తి పేరున్న యూపీఐ నంబర్‌కి పంపమంటే ఒప్పుకోకండి, బిల్లు అడగండి. టికెట్ మీద నీల్ బదులు షహీద్ ద్వీప్ అని, పోర్ట్ బ్లెయిర్ బదులు శ్రీ విజయపురం అని ఉంటే టెన్షన్ పడకండి. 2018లో నీల్‌కి, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి పేర్లు మార్చారు. అక్కడ వివరాలు కనుక్కోవడానికి భాష సమస్య కూడా పెద్దగా రాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.

ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఏజెంటు ఎక్కడివాడైనా మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అండమాన్ దాకా తిరగాల్సిన పనిలేదు. మేం 1915లో ఫిర్యాదు చేశాక కూపన్ డబ్బు వెనక్కి వచ్చింది, మిగతాదాని గురించి ఇంకా మాట్లాడుతున్నారు. మాకు పనికొచ్చింది ఆ వాట్సాప్ జాబితా, టికెట్ల మీద టైములు, కౌంటర్‌లో మళ్లీ కట్టిన రసీదు. ఇలాంటివేవీ ఫోన్లోంచి తీసేయకండి.