మార్చి, ఏప్రిల్‌లో తిరుపతి వస్తే ఎక్కడ దిగాలి: కింద ఊళ్లోనా, కొండమీదా, హార్స్‌లీ హిల్స్‌లోనా?

మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుపతి వైపు వచ్చేవాళ్లు ఫోన్లో ఒక్క అంకె చూసి బట్టలు సర్దేస్తారు. 37 అని కనిపిస్తే, 'కింద ఎండే గానీ కొండెక్కితే చల్లగా ఉంటుందిలే' అనుకుంటారు. కింద ఊరు సముద్రమట్టానికి 160 మీటర్ల దగ్గర ఉంది, తిరుమల దాదాపు 850 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందనే లెక్కన రెంటికీ తేడా నాలుగైదు డిగ్రీలు, అంతే. ఊటీ అనుకుని స్వెట్టర్లు తెచ్చుకుంటే మోత బరువే.

మాది చిత్తూరు. ఉగాది ముందు మా పెద్దమ్మ, పెదనాన్న విజయవాడ నుంచి వస్తే దర్శనంతో పాటు తలకోన, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ కూడా తిప్పాను. ఇద్దరికీ అరవై దాటింది. అందుకని ఈసారి గుళ్ల కంటే ముందు, ఏ పూట ఎక్కడ ఉండాలి, ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నదే చూసుకున్నాను.

భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఏటా ఫిబ్రవరి నెలాఖర్లో మార్చి నుంచి మే వరకు ఎండలెలా ఉంటాయో అంచనా చెబుతుంది. అందులో మనం వచ్చేది రాయలసీమ అనే ఒకే విభాగం కింద. కర్నూలు, తిరుపతి, మదనపల్లె అన్నీ అందులోనే. 'సాధారణం కంటే ఎక్కువ' అన్నారంటే వేసవి ఎటు పోతోందో తెలుస్తుంది గానీ, మీరు దిగే గది సంగతి తెలియదు. బయల్దేరే రెండు మూడు రోజుల ముందు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల జాబితా దానికంటే చాలా నయం. అందరూ పగటి గరిష్ఠమే చూస్తారు. ముసలివాళ్లు వెంట ఉంటే రాత్రి కనిష్ఠం చూడండి. పగలు ఏదో ఒక నీడలో గడిచిపోతుంది. రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు క్యూలో నిలబడలేరు.

తిరుపతిలో ఏప్రిల్ వచ్చేసరికి రాత్రిళ్లు 26, 27 కంటే దిగడం కష్టం. ఊరికి ఉత్తరాన శేషాచలం బండలు గోడలా నిలబడి ఉంటాయి. పగలంతా కాగిన ఆ రాయి, కాంక్రీటు మేడలు కలిసి పొద్దుపోయాక వేడి కక్కుతాయి. మేం మొదటి రాత్రి దిగింది బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో, అదీ పై అంతస్తులో. రాత్రి పదకొండప్పుడు పెద్దమ్మ మంచం పక్క గోడకు చెయ్యి ఆనించి, "ఏం నాయనా, ఇంకా పెనంలాగుందే!" అంది. పన్నెండుకు కరెంటు పోయింది. రిసెప్షన్ అబ్బాయిని అడిగితే, "జనరేటర్ ఉంది సార్, ఫ్యాన్లకూ లైట్లకే, ఏసీకి రాదు" అన్నాడు. ఆ ముక్క బుకింగ్‌లో ఎక్కడా లేదు. ఏసీ గదికి డబ్బు కట్టి తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాం. కాబట్టి గది తీసుకునేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: జనరేటర్‌కు ఏసీ నడుస్తుందా, గది ఆఖరి అంతస్తులో పైకప్పు కిందేనా. టీవీ, వైఫై గొడవ తర్వాత. దేవస్థానం వాళ్ల శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవంలో గది దొరికితే ఈ తంటా లేకుండా పోతుంది. అవి బస్టాండుకీ స్టేషన్‌కీ దగ్గర. కాకపోతే ఆన్‌లైన్లో మూడు నెలల ముందే పట్టుకోవాలి.

తిరుమలలో గది యాభై, వంద రూపాయలకు కూడా దొరుకుతుంది. ఈ కాలంలో ఆ వంద రూపాయల గదిలో ఏసీ లేకపోయినా నిద్ర పట్టింది. కిటికీ తెరిస్తే తెల్లవారుజామున మంచి గాలి. కోతులున్నాయి, సంచులు కిటికీ పక్కన పెట్టొద్దు. గదులిచ్చే కేంద్ర విచారణ కార్యాలయం (సీఆర్వో) దగ్గర అప్పటికప్పుడు గది కావాలంటే పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నం వరుస పెరిగిపోతుంది.

పగటి పూట మాత్రం కొండ చల్లదనం మీద ఆశ పెట్టుకోవద్దు. మాడ వీధుల్లో రాతి నేల మీద ఉత్తి కాళ్లతో నడవాలి. కాళ్లు కాలకుండా తెల్లటి పెయింటు వేస్తారు, పట్టాలు పరుస్తారు. ఆ తెల్ల గీత దాటి రెండడుగులు పక్కకు వేస్తే చాలు, పెదనాన్న పరుగెత్తినట్టు పరుగెత్తాలి. చెప్పులు ఎక్కడ వదలాలో ముందే చూసుకుని, పది లోపు గానీ సాయంత్రం అయిదు తర్వాత గానీ వీధుల్లో తిరగండి. క్యూ కాంప్లెక్సులో నీళ్లు, మజ్జిగ అందుతాయి, అందులో వంక పెట్టడానికి లేదు. వెంగమాంబ అన్నప్రసాదం దగ్గరా అంతే: అంత జనంలోనూ వడ్డన చకచకా సాగిపోతుంది.

నడిచి ఎక్కేవాళ్లకు ఒక మాట. అలిపిరి దారిలో 3550 మెట్లు, చాలా మేరకు పైకప్పు ఉంది. శ్రీవారి మెట్టు దారి పొట్టి, మెట్లు 2400 లోపే, కానీ నిటారు. ఎండాకాలంలో తెల్లారకముందే అలిపిరి నుంచి మొదలుపెట్టడమే నా ఓటు. ఈ నెలల్లో అడవి ఎండి అగ్గిపెట్టెలా ఉంటుంది. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాల్సి వచ్చింది. మెట్ల దారిలో కర్పూరం వెలిగించి వెలుగుతుండగానే వదిలేసి పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తలకోన గురించి మొహమాటం లేకుండా చెబుతాను. జలపాతం కోసమే అయితే ఈ నెలల్లో పోవద్దు. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. మార్చికి 270 అడుగుల ధార కాస్తా బండ మీద జారే సన్నని తడి అయిపోతుంది. తిరుపతిలో కపిలతీర్థం ధార కథా ఇదే. కానీ చెట్ల నీడ కోసం అయితే తలకోన బాగుంటుంది. సిద్ధేశ్వర స్వామి గుడి దాటి పైకి పోయే దారిలో మనిషి నడుమంత లావున గిల్లతీగలు చెట్టు నుంచి చెట్టుకు పాకి ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికి కూడా అక్కడ ఎండ నేలను తాకదు. తిండి మాత్రం వెంట తీసుకుపోండి. మేం భాకరాపేటలో కట్టించుకున్న పెరుగన్నమే మమ్మల్ని కాపాడింది.

పీలేరు దాటాక సాయంత్రం నాలుగింటికి పడమర మబ్బు పట్టింది. ఈ కాలపు వాన ఇలాగే వస్తుంది: పొద్దున ఆకాశం శుభ్రంగా ఉంటుంది, పగలంతా ఉక్క, సాయంత్రానికి గాలి, ఉరుములు, అరగంట కుంభవృష్టి. ముందు దుమ్ము లేచింది, వెనకే వడగళ్లు. కారు ఒక మామిడి తోట పక్కన ఆపాం. గాలి తగ్గేసరికి చెట్ల కింద నేలంతా పచ్చటి పిందెలే. గోనెసంచి నెత్తిన వేసుకుని నిలబడ్డ తోట పెద్దాయన, "వాన కావాలని మొక్కుకున్నాం సామీ, గాలి కావాలనలేదు" అన్నాడు. ప్రయాణంలో సాయంత్రాలు దామిని యాప్ తెరిచి పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగుల సంగతి చెబుతుంది. ఉరుము వినబడితే చెట్టు కింద ఆగొద్దు, కారులోనే ఉండండి.

హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులకు పైనే. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ, కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ దొర ఇల్లు కట్టుకున్నాక ఈ పేరు నిలిచింది. తమాషా ఏమిటంటే కింద మదనపల్లె కూడా సుమారు 700 మీటర్ల ఎత్తులోనే ఉంది. అందుకే తిరుపతిలో ఉడికిపోయిన మనిషికి కొండెక్కక ముందే ప్రాణం లేచొస్తుంది. చిత్తూరు నుంచి బెంగళూరు పోయేవాళ్లకు మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరగానే ఇదే తెలుస్తుంది. రాత్రి కొండమీద ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకున్నాం. గాలిబండ దగ్గర పొద్దున ఆరింటికి గాలి పెదనాన్న పంచెను నిలవనివ్వలేదు.

టూరిజం వాళ్ల కాటేజీల్లో వసతి కంటే అవి ఉన్న చోటు బాగుంది. వేడినీళ్లు టైము ప్రకారమే వస్తాయి, తినడానికి ఎంపిక తక్కువ, రాత్రి తొమ్మిది దాటితే ఆకలితోనే పడుకోవాలి. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లతో ఘాట్ రోడ్డు నిండిపోతుంది, గది ధర కూడా పెరుగుతుంది. మంగళ, బుధవారాల్లో పోతే గాలిబండ మీద మీరే ఉంటారు.

నన్నడిగితే వరుస ఇలా పెడతాను: దర్శనం మార్చిలోనే ముగించి, రాత్రి తిరుమలలోనే పడుకుని, మర్నాడు తెల్లారి తలకోన మీదుగా హార్స్‌లీ హిల్స్‌కు పోయి అక్కడే రెండు రాత్రులు. తిరుపతి ఊళ్లో రాత్రి ఉండాల్సి వస్తే ఒక్కటే, అదీ రైలు పొద్దున్నే ఉంటేనే. ఏప్రిల్ రెండో వారం దాటాక పరీక్షలైపోయిన పిల్లలతో కొండ నిండిపోతుంది, ఎండా 40 దాకా పోతుంది. పెద్దవాళ్లుంటే అప్పుడు ఇటు రావొద్దు, హార్స్‌లీ హిల్స్‌కు నేరుగా మదనపల్లె నుంచే పోండి.