ఓడ ప్రయాణానికి కొన్న మణికట్టు పట్టీ: వాడి చూశాక

హన్మకొండ నుంచి ఏటూరునాగారం వెళ్లే బస్సులో కూడా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునే మనిషిని నేను. అందుకే విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో దీని పేరు శ్రీవిజయపురంగా మారింది) ఓడ టికెట్లు చేతికి రాగానే, సముద్రంలో వాంతులు రాకుండా ఆపుతుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మణికట్టు పట్టీల జతను 350 రూపాయలకు తెప్పించుకున్నాను.

పట్టీ అల్లిక మంచిదే, సాగుతుంది, ఉతికినా పాడు కాలేదు. లోపలివైపు బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండీ ఉంటుంది. మణికట్టు మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు వదిలి, రెండు నరాల నడుమ ఆ గుండీ నొక్కుకునేలా తొడుక్కోవాలి. వాంతులు తగ్గాలని నొక్కే ఆ చోటును చైనా వైద్యంలో నైగ్వాన్ అంటారు. పెట్టెలోని కాగితంలో బొమ్మ ఎంత చిన్నదంటే, రెండుసార్లు తప్పు చోట పెట్టుకున్న తర్వాత గానీ సరైన చోటు నాకు తెలియలేదు. మా పదేళ్ల అమ్మాయి చేతికైతే అది గాజులా జారిపోయింది.

ఓడ రేవు దాటి, డాల్ఫిన్స్ నోస్ కొండ వెనుకబడే వరకు పట్టీ మహిమే అనుకున్నాను. రాత్రి భోజనం తర్వాత కిటికీ లేని బంక్ గదిలో పడుకుని ఫోన్ చూస్తుండగా నోట్లో నీళ్లూరడం మొదలై, చన్నీటి చెమట పట్టి, రెండు చేతులకూ పట్టీలు ఉండగానే బకెట్ వెతుక్కోవలసి వచ్చింది. చెవి లోపలి సమతౌల్య అవయవం ఒళ్లు ఊగుతోందని చెబుతుంటే, ఎదురుగా గోడను చూస్తున్న కన్ను కదలిక లేదని చెబుతుంది. ఈ పేచీయే కడుపులో తిప్పడానికి మూలం. గతుకుల రోడ్డు కుదుపుల కంటే, అయిదు సెకన్లకొకసారి వచ్చే నిదానమైన ఊపే ఎక్కువ బాధ పెడుతుంది. ఓడ ఊపు సరిగ్గా అటువంటిదే.

పక్క బంకులోని శ్రీకాకుళం పెద్దాయన, అండమాన్‌లో స్థిరపడినవారు, "కళ్లు మూసుకుంటే మూసుకో బాబూ, తెరిస్తే మాత్రం పైకెళ్లి ఆ నీటి అంచునే చూడు" అని నన్ను డెక్కు మీదికి పంపారు. ఓడ మధ్య భాగంలో నిలబడి, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను ముప్పావు గంట చూశాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఆ సలహాకు ఆయన డబ్బులేమీ అడగలేదు.

మా ఆవిడ వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రాత్రే, మందుల షాపులో అవోమిన్ అని అడిగితే ఇచ్చే ప్రోమెథజైన్ 25 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంది. మర్నాడంతా నోరు ఎండిపోయి, నిద్రమత్తుతో ఉన్నా, ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు. నేను వాంతులు మొదలయ్యాక వేసుకున్న మాత్ర పది నిమిషాల్లో బయటికి వచ్చేసింది. తిప్పడం మొదలైతే కడుపు ఖాళీ కావడం మందగిస్తుంది కనుక మాత్ర లోపల నిలిచినా ఆలస్యంగానే పని చేస్తుంది. తిరుగు ప్రయాణంలో పట్టీ సంచిలో ఉంచి ముందు రాత్రే మాత్ర వేసుకున్నాను, మొత్తం దారిలో కాస్త తలభారం తప్ప ఏమీ లేదు. అయితే ఆ రోజుల్లో సముద్రం కొంత నెమ్మదించిందన్న మాట కూడా చెప్పాలి. గ్లకోమా (కంట్లో నీటికాసులు), ప్రోస్టేట్ ఇబ్బందులు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ మాత్ర వేసుకోకూడదు. వేసుకుని బండి నడపకూడదు.

పట్టీకి ఐదుకు ఒకటిన్నర ఇస్తాను, ఆ అర కూడా అల్లికకు. మాత్రలు పడనివారు ప్రయత్నించి చూడవచ్చు, హాని ఏమీ లేదు, చేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి గుర్తు తప్ప. అదే 350 రూపాయలతో ఒక స్ట్రిప్ మాత్రలు, రెండు పొట్లాల అల్లం మురబ్బా కొనుక్కుని, టికెట్ తీసుకునేటప్పుడు కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో బంకు దొరుకుతుందేమో అడగడం మేలు.