వెనక పిల్ల చక్రాలా, బ్యాలెన్సు నేర్చుకోవడమా: ఏది మేలు?

సంక్రాంతికి ముందు ఓ సాయంత్రం మా వీధి చివర కాలవ చప్టా ఎక్కుతున్నాను. వీల్‌చైర్ వెనక పిడులకు కొబ్బరికాయల సంచి తగిలించి ఉంది. చక్రాలు కాస్త గట్టిగా తోశానో లేదో ముందువి గాల్లోకి లేచాయి. ఆ తర్వాత కనిపించింది కొబ్బరి మట్టలూ, ఆకాశమూ. గడ్డం ఛాతీకి ఆనించుకున్నాను కాబట్టి తలకి దెబ్బ తగల్లేదు. “వెనకాల చిన్న చక్రాలు వేయించేసుకో బావా, గొడవ వదిలిపోద్ది” అన్నాడు మా బావమరిది. వేయించుకున్నాను. గొడవ సగమే వదిలింది.

వాటినే యాంటీ టిప్పర్లు అంటారు. వెనక నేలకి కాస్త ఎత్తులో ఉండే రెండు బుల్లి చక్రాలు. కుర్చీ వెనక్కి ఒరిగితే అవి నేలకి ఆని ఆపుతాయి. ఇంట్లో, ఆసుపత్రి గచ్చు మీద, ర్యాంపు మీద అవి ఉంటే టెన్షన్ లేదు. కొత్తగా కుర్చీలో కూర్చున్నవాళ్ళు, ముఖ్యంగా రెండు కాళ్ళూ తీసేసినవాళ్ళు వాటిని వదులుకోకూడదు. ముందువైపు కాళ్ళ బరువు లేకపోతే కుర్చీ ఇట్టే వెనక్కి తిరగబడుతుంది.

మన దారులతోనే చిక్కు. వాన పడ్డ పుంతలో ముందు చక్రాలు ఒండ్రులో దిగబడతాయి. వాటిని లేపి, పెద్ద చక్రాల మీదే కదిలితే గానీ బయటపడం. లేవకుండా ఆపడమే పిల్ల చక్రాల పని! సఖినేటిపల్లి రేవులో ఇంకో గమ్మత్తు జరిగింది. రేవు వాలు దిగి, గోదావరి దాటించే పంటు రేకు ఎక్కబోతుంటే, వెనక వాలుకి పిల్ల చక్రాలు ఆనుకుని పెద్ద చక్రాలు పైకి లేచిపోయాయి. ఎంత తిప్పినా కుర్చీ కదల్లేదు. వెనక బైకులవాళ్ళ హారన్లు సరేసరి.

అప్పుడు మొదలెట్టాను బ్యాలెన్సు నేర్చుకోవడం, అంటే ముందు చక్రాలు లేపి పెద్ద చక్రాల మీదే నిలబడడం. కెనడాలో డల్‌హౌసీ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి విద్యలన్నీ వరసగా నేర్పే పాఠాలు తయారుచేశారు. అందులో ముఖ్యమైన జాగ్రత్త, కుర్చీ ఫ్రేముకి పట్టీ కట్టి వెనక ఒక మనిషి పట్టుకోవడం. మేము గడ్డి పరిచిన కళ్ళంలో చేశాం. గడ్డి మీద చక్రం జారదు. చక్రాన్ని కొంచెం వెనక్కి లాగి, ఒక్కసారిగా ముందుకి తోస్తే ముందు చక్రాలు లేస్తాయి. అరచేతిలో కర్ర నిలబెట్టినట్టే అనుకోండి: ముందుకి పడబోతే చక్రాన్ని ముందుకే తోయాలి, వెనక్కి పడబోతే వెనక్కే లాగాలి. చెయ్యి దీనికి ససేమిరా ఒప్పుకోదు. నాకు 3 వారాలు పట్టింది, భుజాలు పచ్చి పుండయ్యాయి.

పెద్ద చక్రాల ఇరుసు వెనక్కి జరపడమనే మూడో దారీ ఉంది. కుర్చీ నిలకడగా ఉంటుంది, కానీ ముందు బరువెక్కి తోయడం నరకం. నేనైతే వద్దంటాను.

చేతుల్లో బలం ఉండి, పట్టీ పట్టే మనిషి దొరికితే నా ఓటు బ్యాలెన్సుకే. పిల్ల చక్రాలు మాత్రం పీకి పారేయకండి, బొత్తాం నొక్కితే పైకి తిరిగే రకం తీసుకోండి. కూర్చున్న నాకు ఆ బొత్తాం అందదు. అందుకే పంటు దిగగానే మా మేనల్లుడు వంగి వాటిని కిందకి తిప్పుతాడు. కొబ్బరికాయల సంచి ఇప్పుడు నా ఒళ్ళో ఉంటోంది.