పెద్ద ఇంటర్‌కూలర్: హైవే మీద బ్రహ్మాండం, టౌన్‌లో ఏసీకి ఇబ్బంది

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం నెల్లూరు నుంచి ఒంగోలు వైపు ఎన్‌హెచ్ 16 మీద లారీల్ని దాటుకుంటూ పోతే, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజన్‌లోకి పోయే ముందు చల్లార్చే కంపెనీ ఇంటర్‌కూలర్ బండారం బయటపడుతుంది. మొదటి ఓవర్‌టేక్‌కి బాగానే లాగుతుంది, రెండోదానికి మెత్తబడుతుంది, మూడోదానికి బండి మూలుగుతుంది. రీమ్యాప్ చేయించిన (అంటే ఎక్కువ పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించిన) టర్బో పెట్రోల్ బండ్లకు మామూలుగా ఉండే జబ్బే. బార్ అండ్ ప్లేట్ రకం (బరువైన పలకలు పేర్చి చేసిన) పెద్ద ఇంటర్‌కూలర్ బిగించాక అది పోయింది. ఇన్ని ఎండాకాలాల తర్వాత కూడా ఈ ఒక్క విషయంలో దానికి వంక పెట్టలేను.

బయట 42 డిగ్రీలు, బూస్ట్ (టర్బో గాలిని తోసే అదనపు ఒత్తిడి) 1 బార్ అయితే టర్బో నుంచి వచ్చే గాలి 140 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలా పెరిగిన వేడిలో 70 శాతం దించే ఇంటర్‌కూలరైతే ఇంజన్‌లోకి 71 డిగ్రీల గాలి పోతుంది. 80 శాతం దించేదైతే 62. ఆ తేడాకు గాలి చిక్కదనం 3 శాతం కూడా పెరగదు. అసలు లాభం వేరే చోట ఉంది. గాలి వేడెక్కితే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) మొదలవుతుంది, ఇంజన్ కంప్యూటర్ ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించేస్తుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ అక్కడ పోతుంది.

కొనేటప్పుడు మందం చూసి మురిసిపోకండి, ఎదురుగాలి తగిలే ముఖం ఎంత వెడల్పో చూడండి. 3 అంగుళాల మందం కోర్‌లో (గాలి చల్లారే అసలు భాగంలో) వెనక సగానికి చేరే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది.

ఇక టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే గొట్టాల సంగతి. కిట్‌తో వచ్చే మామూలు స్క్రూ క్లిప్పుల్ని నమ్ముకుంటే ఫుల్ బూస్ట్‌లో ‘ఫట్’మని గొట్టం ఊడుతుంది. నాకు టంగుటూరు టోల్ దాటాక ఊడింది. లాగుడు పోయి, ఎగ్జాస్ట్ నల్లగా పొగ కక్కి, బూస్ట్ తగ్గిందని చెప్పే పి0299 ఎర్రర్ కోడ్ పడింది. ఎందుకంటే, రెండున్నర అంగుళాల పైపు కొస మీద 1 బార్ ఒత్తిడి అంటే 32 కిలోల తోపు. క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగం) నుంచి వచ్చే నూనె ఆవిరి గొట్టం లోపల పల్చగా పట్టి జారుడు చేస్తుంది. మామూలు సిలికాన్ నూనెకు మెత్తబడిపోతుంది కూడా. కాబట్టి లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్న గొట్టాలే తీసుకోండి. పైపు కొసల్లో ఉబ్బెత్తు అంచు ఉండాలి. రెండువైపులా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తడి లేకుండా తొడిగి, టీ-బోల్ట్ క్లాంప్‌ను (బోల్టుతో బిగించే వెడల్పాటి పట్టీని) ఆ ఉబ్బెత్తు అంచుకూ గొట్టం కొసకూ మధ్యలో బిగించాలి. అంచు మీదే బిగిస్తే పట్టు ఉండదు, మరీ బిగిస్తే గొట్టం తెగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. బంపర్ ఎక్కించే ముందే ప్రెషర్ టెస్ట్ (గాలి నింపి లీకులు చూడటం) చేయించండి, మెకానిక్ వద్దన్నా సరే.

ఇంతకుముందు పొగిడిన దాంట్లో కొంత తగ్గించాలి. బరువైన కోర్ కాబట్టి ఆలస్యంగా వేడెక్కుతుంది, అంతే ఆలస్యంగా చల్లారుతుంది. టోల్ క్యూలో నిలబడి వేడి పట్టిందంటే ఆ తర్వాత కొన్ని కిలోమీటర్లు పాత బండిలాగే ఉంటుంది. సన్నటి గొట్టాలు, రేకులతో చేసే తేలికైన ట్యూబ్ అండ్ ఫిన్ రకం త్వరగా కోలుకుంటుంది. పైగా ఈ పెద్ద ఇంటర్‌కూలర్, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ముందు అడ్డంగా కూర్చుంటుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీ కూలింగ్ పడిపోతుంది. బండి కదిలితే గానీ దారికి రాదు.

మన తీరంలో ఇంకో తంటా ఉంది. రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము కలిసి ఫిన్‌ల మధ్య గట్టిపడతాయి. వెనకవైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగాలి. సర్వీస్ స్టేషన్ ప్రెషర్ గన్ పెడితే ఫిన్‌లు వంగిపోతాయి.

నాది ఎక్కువగా హైవే నడక, రీమ్యాప్ ఉంది కాబట్టి పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. రీమ్యాప్ లేకుండా టౌన్‌లో తిరిగే బండికి నేనైతే వేయించను. ముందు ఓబీడీ రీడర్‌తో (బండి కంప్యూటర్‌లోని అంకెలు చూపించే చిన్న పరికరంతో) ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడి చూసుకోండి. కొన్ని బండ్లలో సెన్సర్ ఇంటర్‌కూలర్‌కు ముందే ఉంటుంది, ఆ అంకెతో మోసపోవద్దు. వరుసగా లాగినా బయటి వేడికంటే పాతిక డిగ్రీలు మించకపోతే డబ్బు దాచుకోవచ్చు. స్కోడా స్లావియా, కుషాక్ 1.0 టీఎస్ఐ వాళ్లు గాలితో చల్లబడే ఈ రకం వైపు చూడనే అక్కర్లేదు. వాటిలో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే (సిలిండర్లకు గాలి పంచే భాగంలోనే) ఉండి నీళ్లతో చల్లబడుతుంది.