హార్నెస్ రేసు ప్రోగ్రామ్, చేతిలో స్టాప్‌వాచ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది రెండు చవక వస్తువుల్ని. ఒకటి అమెరికాలో హార్నెస్ రేసుల రోజున దొరికే ప్రోగ్రామ్. ఆ రోజు బరిలో ఉన్న ప్రతి గుర్రం ఇటీవల ఎలా పరిగెత్తిందో వరసగా అచ్చేసిన పుస్తకం అది. రెండోది మామూలు స్టాప్‌వాచ్. న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో అంటుకున్న అలవాటు ఇది, ఇప్పటికీ వదల్లేదు. ఏ గుర్రం నిజంగా గొప్పగా పరిగెత్తింది, ఏది కలిసొచ్చి గెలిచింది అని తేల్చడానికి ఈ రెండూ ఎంతవరకు పనికొస్తాయో చెబుతాను. ప్రోగ్రామ్‌కి ఐదులో నాలుగు స్టార్లు. స్టాప్‌వాచ్‌కి ఐదుకి ఐదు, కాకపోతే రీప్లే వీడియో దగ్గరుంటేనే.

మలక్‌పేటలో రేసులు చూసినవాళ్లకి ముందు ఒక తేడా చెప్పాలి. అక్కడ పరిగెత్తేవి థరోబ్రెడ్‌లు, వీపు మీద జాకీ, ఒకటే దౌడు. ఇక్కడివి స్టాండర్డ్‌బ్రెడ్‌లు. వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలికపాటి బండి, అందులో డ్రైవర్. దౌడు తీయడం నిషేధం. ట్రాటర్ అయితే ముందు ఎడమకాలు, వెనక కుడికాలు ఒకేసారి వేస్తుంది. పేసర్ ఒక పక్కనున్న రెండు కాళ్లూ కలిపి వేస్తుంది. అడుగు తప్పి దౌడులో పడిందంటే డ్రైవర్ దాన్ని లాగి మళ్లీ సరైన నడకలో పెట్టాలి. ఈలోగా మిగతావి వెళ్లిపోతాయి. ఈ జాతికి గడియారంతో చుట్టరికం పాతదే. 1879లో పెట్టిన రిజిస్ట్రేషన్ ప్రమాణాల్లో మైలు దూరాన్ని 2 నిమిషాల 30 సెకన్లలో ట్రాట్ చేయడం ఒకటి. ఇప్పుడు న్యూజెర్సీలోని మెడోలాండ్స్ ట్రాకులో ఓ మోస్తరు పేసర్ కూడా దానికంటే అర నిమిషానికి పైగా తక్కువలో ముగిస్తుంది.

ప్రోగ్రామ్ తెరవగానే మనవాళ్లు తడబడే చోటు టైమ్ రాసే పద్ధతి. అమెరికా, కెనడాల్లో సెకనుని ఐదు భాగాలు చేస్తారు. 1:52.3 అని ఉంటే 52 సెకన్ల మీద ఐదింట మూడు వంతులు, అంటే మన లెక్కలో 52.6. చుక్క తర్వాత 4ని మించి అంకె కనపడదు. ఇది బుర్రకెక్కాక మిగతాది తేలిక. ప్రతి పరుగుకీ ఒక లైను ఉంటుంది. అందులో తేదీ, ట్రాకు, ఉష్ణోగ్రత, ఆ తర్వాత ముందున్న గుర్రం పావు మైలు, అర మైలు, ముప్పావు మైలు దాటిన టైములు, గెలిచిన టైము. ఆ పక్కన మన గుర్రం ఒక్కోచోట ఎన్నో స్థానంలో, ఎన్ని లెంతుల (గుర్రం పొడవుల) వెనక ఉందో. చివర్లో దాని సొంత ఆఖరి క్వార్టర్ (పావు మైలు), సొంత మొత్తం టైము. ఒక్క లైన్లో ఒక పందెం కథంతా ఇమిడిపోతుంది. నాలుగు స్టార్లు ఇచ్చింది ఆ లైనుకే.

అందరూ ముందు చూసేది గెలిచిన టైము. నాకు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది అదే. ఉదాహరణకి 1:51లోనే ముగిసిన రెండు రేసులు అనుకోండి. మొదటిదాంట్లో ముందున్న గుర్రం పావు మైలు 26.4లో, అర మైలు 56.0లో, ముప్పావు 1:24.1లో దాటింది. రెండో క్వార్టర్ 29.1, అంటే డ్రైవర్ పగ్గాలు బిగించి గుర్రానికి ఊపిరి పీల్చుకునే టైమిచ్చాడు, ఎవరూ పక్కకొచ్చి అడ్డుకోలేదు. చివరి క్వార్టర్ 26.4లో వచ్చి గెలిచాడు. ఇందులో తెలివి డ్రైవర్‌ది. రెండో రేసులో అవే గుర్తుల దగ్గర 26.2, 54.0, 1:21.4. మధ్యలో ఎక్కడా తెరిపి లేదు, చివరి క్వార్టర్ 29.1. ఇక్కడ వెనక తీరిగ్గా కూర్చుని ఆఖర్న అందరినీ దాటేసిన గుర్రానికి చప్పట్లు పడతాయి. నేను మాత్రం 1:21.4 దాకా ముందుండి లాగి, మూడో స్థానంలోనైనా నిలబడ్డ గుర్రం పేరు కింద గీత గీస్తాను. మొదటి రేసులో వెనకనుంచి 26 సెకన్లలో వచ్చి కూడా రెండో స్థానంతో సరిపెట్టుకున్న గుర్రానికీ అదే మర్యాద. ముందు నడక నెమ్మదిగా ఉన్న పందెంలో వెనకనుంచి దాటడం ఎంత కష్టమో నాలుగు రీప్లేలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక స్థానం అంకె పక్కన కనపడే చిన్న సున్నా. ప్రోగ్రామ్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన గుర్తు ఇది. ఆ క్వార్టర్‌లో గుర్రం లోపలి వరసలో కాకుండా బయటి దారిలో పరిగెత్తిందని దానర్థం. దాని ఖరీదు కాగితం మీద లెక్కేసుకోవచ్చు. లోపలి గుర్రానికి అయిదడుగుల బయటగా ఒక చుట్టు పూర్తిగా తిరిగితే అదనంగా పడే దూరం 31 అడుగులు. ట్రాకు పెద్దదా చిన్నదా అన్నదానితో నిమిత్తం లేదు, చుట్టుకి 31 అడుగులే. మెడోలాండ్స్‌లాంటి మైలు ట్రాకులో మైలుకి ఒకటే చుట్టు. అర మైలు ట్రాకులో రెండు చుట్లు, కాబట్టి 63 అడుగులు. 1:52 వేగంతో పోయే గుర్రం సెకనుకి సుమారు 47 అడుగులు దాటుతుంది. అంటే అర మైలు ట్రాకులో ఆసాంతం బయటే ఉన్న గుర్రం సెకనూ పావుకి పైగా దండగ కట్టినట్టు. మొత్తం టైములో ఈ మాట ఎక్కడా కనపడదు.

పైగా బయటి దారిలో అందరికంటే ముందు ఉంటే గాలి కూడా తనే కోసుకుంటూ పోవాలి. ఇక్కడివాళ్లు దాన్ని ఫస్ట్ ఓవర్ అంటారు. దాని వెనకే వచ్చేది సెకండ్ ఓవర్. ఎదురుగాలి తగలకుండా అండ దొరుకుతుంది కాబట్టి అది సుఖమైన చోటు. ముందున్న గుర్రం వెనకే లోపల నక్కితే పాకెట్. పాకెట్‌లో కూర్చుని ఆఖర్న తలొకటి ముందుపెట్టి గెలిచిన గుర్రాన్ని టీవీలో ఆకాశానికెత్తుతుంటే నాకు నవ్వొస్తుంది. ఫస్ట్ ఓవర్ వచ్చి మెడ తేడాతో ఓడినదాని గురించి ఒక్క ముక్కుండదు.

అలాంటి పరుగుతో కూడా గెలవొచ్చని చూపించింది విగిల్ ఇట్ జిగిల్ఇట్ అనే పేసర్. 2015లో ఒహాయో రాష్ట్రం డెలవేర్‌లో జరిగిన లిటిల్ బ్రౌన్ జగ్ అనే పేసర్ల పందెం. అర మైలు ట్రాకు, ఒకే రోజు హీటు (ముందు వడపోత పరుగు), మళ్లీ ఫైనలు. ఫైనల్లో డ్రైవర్ మోంట్రెల్ టీగ్ దాన్ని ఫస్ట్ ఓవర్ తీసుకొచ్చాడు. చివరి మలుపు దగ్గర అది వెనకబడిపోయింది, ఇక పనైపోయిందనుకున్నారు. స్ట్రెచ్‌లో, అంటే ఆఖరి తిన్నని దారిలో, మళ్లీ లేచి లాస్ట్ ఫర్ వర్డ్స్ అనే గుర్రాన్ని ముక్కు తేడాతో దాటింది. ఆ ఏడాది హార్స్ ఆఫ్ ది ఇయర్ అదే. ఆ రీప్లే నేను ఇప్పటికీ పెట్టుకుని చూస్తుంటాను, ముగింపు తెలిసి కూడా.

ఓడిన పరుగుల్లో నా లెక్కకి మొదటిది సమ్‌బీచ్‌సమ్‌వేర్‌ది. 21 పందేల్లో 20 గెలిచిన పేసర్. ఓడిన ఆ ఒక్కటీ 2008 మెడోలాండ్స్ పేస్ పందెం, ఆర్ట్ అఫీషియల్ అనే గుర్రం చేతిలో, 1:47లో. రికార్డుల పుస్తకంలో అది మచ్చలా కనిపిస్తుంది. మధ్య టైములు చూసి రీప్లే పెడితే, ఆ గుర్రం ఎంత గొప్పదో గెలిచిన చాలా పందేలకన్నా ఇదే గట్టిగా చెబుతుంది.

రికార్డుల సంగతికొస్తే, ఈ మైలు టైముల్ని ఒకే తక్కెడలో వేసి తూచకూడదు. 1980లో నయాట్రాస్ లెక్సింగ్టన్‌లోని రెడ్ మైల్ ట్రాకు మీద 1:49.1లో వచ్చి మొదటిసారి 1:50 గోడ పడగొట్టింది. కానీ అది పందెం కాదు, గడియారం మీదకి ఒంటరిగా వదిలిన టైమ్ ట్రయల్. 2016లో ఆల్వేస్ బి మికీ అదే ట్రాకులో 1:46. 2022 జులైలో బుల్‌డాగ్ హనోవర్ మెడోలాండ్స్‌లో 1:45.4, డ్రైవర్ న్యూజిలాండ్ నుంచి వచ్చిన డెక్స్టర్ డన్. ఈ రెండూ పోటీ పందేలే. ట్రాటర్లలో హోమిసైడ్ హంటర్ 2018లో రెడ్ మైల్‌లో చేసిన 1:48.4 వేరే కోవకి చెందింది. ట్రాటర్ టైముని పేసర్ టైముతో పోల్చడం దండగ. అర మైలు ట్రాకులో 1:50నీ మైలు ట్రాకులో 1:50నీ పోల్చడం అంతకన్నా దండగ. అందుకే ప్రోగ్రామ్‌లో టైము చివర ట్రాకు సైజు తెలిపే అక్షరం ఒకటి ఉంటుంది. హెచ్ అంటే అర మైలు, ఎఫ్ అంటే మైల్లో ఎనిమిదింట అయిదు వంతులు, ఎస్ అంటే ఎనిమిదింట ఏడు. అచ్చు చీమ తలకాయంత. కళ్లజోడు మర్చిపోయి వెళ్తే ఆ రోజుకి అంతే.

మరి ఒక స్టార్ ఎందుకు తగ్గించాను? లెంతుల వల్ల. ఒక లెంతు అంటే సెకనులో అయిదో వంతు అనేది ఇక్కడ అందరూ వాడే లెక్క. ఆ లెక్కతోనే గుర్రం సొంత క్వార్టర్లు తీస్తాం. అర మైలు దగ్గర 5 లెంతుల వెనక, ముప్పావు దగ్గర 1 లెంతు వెనక ఉందనుకోండి. ముందున్న గుర్రం ఆ క్వార్టర్ 28.0లో వస్తే, మనది 4 లెంతులు కలుపుకుంది కాబట్టి 27.1లో వచ్చినట్టు. దాని పక్కన బయటి దారి సున్నా కూడా ఉంటే అది అదిరిపోయే క్వార్టర్. అలాంటి గుర్రం చివర్లో అలిసిపోయి అయిదో స్థానంలో వచ్చినా నా పుస్తకంలో పేరు ఎక్కుతుంది. ప్రోగ్రామ్ ఆఖరి క్వార్టర్ ఒక్కటే గుర్రం పేరున అచ్చేస్తుంది, ఈ మూడోదాన్ని మనమే తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన క్వార్టర్ అదే అయినప్పుడు దాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అంతుపట్టదు.

లెక్కలోనూ తేడా ఉంది. క్వార్టర్ 26 సెకన్లలో పోయే గుర్రం అయిదో వంతు సెకనులో పదడుగులు దాటుతుంది. గుర్రం పొడవేమో ఎనిమిది, తొమ్మిది అడుగులు. రెండు మూడు లెంతులైతే పర్వాలేదు. పది, పదిహేను లెంతుల వెనకున్న గుర్రానికి ఆ తేడా పోగుపడి టైము అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. వెనకున్నవాటి దూరం కంటి అంచనా అయినప్పుడు అసలే చెప్పక్కర్లేదు. అడుగు తప్పిన ట్రాటర్ల లైన్లయితే నేను లెక్క కట్టను. అడుగు తప్పిందని చెప్పే ఎక్స్ గుర్తు కనపడిందా, నేరుగా రీప్లేకే పోతాను.

ఇక్కడే స్టాప్‌వాచ్ అక్కరకొస్తుంది. రీప్లేలో మన గుర్రం ముక్కు పావు మైలు స్తంభం దాటగానే ఒక నొక్కు, తర్వాతి స్తంభం దగ్గర ఇంకో నొక్కు. వేలు ఆలస్యమైనా రెండుసార్లూ ఒకేలా ఆలస్యమవుతుంది కాబట్టి పెద్దగా తేడా రాదు. కెమెరా ఏటవాలుగా ఉండే స్తంభాల దగ్గర మాత్రం నమ్మకం తక్కువ. ఫోన్‌లో ఉండే స్టాప్‌వాచ్ కూడా ప్రయత్నించాను, నచ్చలేదు. గాజు మీద వేలికి నొక్కిన స్పర్శ తెలియదు, చూపు గుర్రం మీంచి ఫోన్ మీదకి పోతుంది. బటన్ ఉన్నది కొనండి. ల్యాప్ టైములు దాచుకునేదైతే చాలు, అంతకుమించి ఖర్చు పెట్టక్కర్లేదు.

ఉష్ణోగ్రత అంకెని చాలామంది చూడకుండా దాటేస్తారు. జనవరిలో మెడోలాండ్స్‌లో 25 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో, ఎదురుగాలిలో 1:53 తెచ్చిన గుర్రం జులైలో అదే శ్రమతో ఇంకా చాలా త్వరగా వస్తుంది. ఆ రోజు ట్రాకు ఎంత నెమ్మదిగా ఉందో తెలిపే ఒక సవరణ అంకె కూడా లైన్లో ఉంటుంది. కానీ అది రోజంతటికీ వేసిన అంచనా. సాయంత్రం గాలి తిరిగితే మొదటి రేసుకీ పదో రేసుకీ పొంతన ఉండదు. నేను అదే రాత్రి జరిగిన మిగతా రేసుల టైములు పక్కన పెట్టుకుని చూస్తాను.

హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదికి ఇదంతా ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, "బావా, ఇంతకీ గెలిచేది ఏదో చెప్పు, చాలు" అన్నాడు. అది చెప్పడానికైతే ఈ పద్ధతి కొనకండి. అందరి పందెం డబ్బూ ఒక కుప్పలో వేసి, ట్రాకు తన వాటా ముందే తీసుకుని మిగిలింది పంచే ఆట ఇది. గొప్ప పరుగుని గుర్తుపట్టడం వేరు, డబ్బు చేసుకోవడం వేరు. నాకు మొదటిదాంతోనే పని.

యూరప్ ట్రాట్ రేసులు చూసేవాళ్లకి ఈ ప్రోగ్రామ్ అలవాటు పెద్దగా అక్కరకు రాదు. అక్కడ టైము మైలుకి కాదు, కిలోమీటరుకి, అదీ దశాంశాల్లో. కిలోమీటరుకి 1:10.0 అంటే మైలుకి దాదాపు 1:52.3, ఇక్కడి అయిదో వంతుల లెక్కలోనే. దూరాలూ వేరే. జనవరి చివర్లో పారిస్ దగ్గరి వాన్సెన్‌లో జరిగే ప్రి దామెరిక్ 2,700 మీటర్లు. అంత దూరంలో బయటి దారి దండగ కూడా పెరుగుతుంది, ఊపిరి పీల్చుకునే చోట్లూ పెరుగుతాయి. ఆ రేసుకి నేను మైలు లెక్కలన్నీ పక్కన పెట్టి, ఆఖరి కిలోమీటరుకి మాత్రం స్టాప్‌వాచ్ నొక్కుతాను.