దుగ్గిరాలా? పర్వతనేనా?

గుంటూరులో మా అన్నయ్య కూతురు స్కూల్లో ‘నా ఆదర్శ నాయకుడు’ అని మాట్లాడాలి. గాంధీజీ గురించి అందరూ చెబుతారు, ఆయన బాటలో నడిచిన మనవాళ్ల గురించి చెప్పమ్మా అన్నాను. ఇద్దరి పేర్లిచ్చాను.

పెదనందిపాడు ఫిర్కాలో (ఫిర్కా అంటే కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి పన్నుల నిరాకరణ నడిపారు. రైతులు శిస్తు కట్టలేదు, గ్రామాధికారులు రాజీనామా చేశారు. ఎవరి ఊళ్లో వాళ్లుండి చేసిన పోరాటం.

చీరాల-పేరాలలో జనం ఊరే వదిలేశారు. 1921లో మున్సిపాలిటీ పన్నుల భారం మోయలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది పొలిమేర దాటి రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు! తాటాకు కప్పు కింద వానాకాలం గడపడం, చంటిపిల్లల తల్లులకు ఎంత కష్టమో ఊహించండి. ఎడిన్‌బరోలో చదువుకున్న మనిషి వాళ్ల మధ్యే తిరిగారు, జైలుకూ వెళ్లారు. 1928లోనే పోయారు, నలభై కూడా నిండలేదు.

పన్ను ఆపడానికి ధైర్యం చాలు. ఇల్లు వదలడానికి నాయకుడి మీద ప్రాణమంత నమ్మకం కావాలి. నా ఓటు దుగ్గిరాలకే. పాప మాత్రం వీరయ్య చౌదరిని ఎంచుకుంది, “మన అమ్మమ్మది పెదనందిపాడే కదా బాబాయ్” అంటూ.