ఆరేళ్ళుగా వింటున్న ‘కిన్స్‌మెన్’: రెండు శాక్సఫోన్లు, పియానో లేదు

2019 అక్టోబరులో శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించే కద్రి గోపాలనాథ్ గారు పోయారని తెలిసిన రాత్రి, ఆయన కచేరీ ఏదైనా విందామని వెతుకుతుంటే ‘కిన్స్‌మెన్’ (అంటే బంధువులు) అనే ఈ జాజ్ ఆల్బమ్ తగిలింది. స్పీకర్లో పెట్టాను. అమ్మ వంటింట్లోంచి “ఎవరింట్లోరా పెళ్ళి?” అంది. మా అనంతపురం పెళ్ళిళ్ళలో శాక్సఫోన్ కొత్తేమీ కాదు. కాసేపటికి డ్రమ్స్ అందుకున్నాయి. “ఏమిరా, మేళగాళ్ళు కొట్లాడుకుంటాండారా?”

నాకూ అప్పుడు అలాగే అనిపించింది. సగంలో ఆపేశాను. మళ్ళీ పెట్టడానికి నెల పట్టింది.

ఆల్బమ్ 2008లో వచ్చింది. నడిపించింది జాజ్ శాక్సఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్ప. గోపాలనాథ్ గారు ఆయనతో కలిసి వాయించారు. పెరిగింది అమెరికాలో, అమ్మానాన్నలది కర్ణాటక. చదువుకునే రోజుల్లో వాళ్ళన్న ఆటపట్టించడానికి గోపాలనాథ్ గారి రికార్డు ఒకటి చేతిలో పెట్టాడట. ఆ ఆటే ఇక్కడిదాకా తెచ్చింది. ఇద్దరివీ ఒకే రకం, ఆల్టో శాక్సఫోన్లే, అయినా రెండు మూడుసార్లు వింటే ఎవరిది ఏదో తెలిసిపోతుంది. గోపాలనాథ్ గారిది జారుతుంది, ఊగుతుంది. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసులు, ఆ ఊపిరి ఇందులో వినిపిస్తుంది. రుద్రేశ్‌ది కొడవలి అంచు, ప్రతి స్వరాన్నీ కోసి పక్కన పెడతాడు.

పియానో లేకపోవడం జాజ్‌లో వింతేమీ కాదు. 1952లో జెర్రీ మల్లిగన్, 1957లో సానీ రోలిన్స్ అనే జాజ్ శాక్సఫోన్ వాద్యకారులు పియానో లేకుండానే వాయించారు. వెనక కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, పరిచేవాళ్ళు లేకపోతే ముందున్నవాడికి దారి విశాలమవుతుంది. ఈ ఆల్బమ్‌లో మన చెవికి ఇంకో లాభం ఉంది. పియానో మెట్టు నొక్కితే స్వరం అక్కడే నిలబడుతుంది, రిషభం నుంచి గాంధారానికి జారలేదు. ‘కల్యాణి’ అనే ట్రాక్‌లో గోపాలనాథ్ గారు గాంధారాన్ని ఊపుతుంటే, వెనక ఒక పియానో అదే స్వరాన్ని మేకులా కొడుతూ ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. రెజ్ అబ్బాసీ గిటార్ ఉంది గానీ, తీగ కదా, లాగితే వంగుతుంది.

మా మామ ఒకప్పుడు మేళంలో డోలు వాయించేవాడు. ఆయనకు హెడ్‌ఫోన్ పెట్టి ‘గణేశ’ వినిపించాను. కళ్ళు మూసుకుని తొడ మీద తాళం మొదలుపెట్టాడు. పూవలూరు శ్రీజి మృదంగం, రాయల్ హార్టిగన్ డ్రమ్స్ కలిసిన చోట చెయ్యి ఆగింది, వేళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాయి. మూడోసారి తప్పాక హెడ్‌ఫోన్ తీసి, “మృదంగం ఆయన మనోడేరా, ఆ రెండోవాడే నన్ను సతాయిస్తాండాడు” అన్నాడు. ఇచ్చేయమంటే మాత్రం ఇవ్వలేదు.

లోపాలూ ఉన్నాయి. అందరూ ఒకేసారి ఎగబడే చోట్ల ఆరేళ్ళ తర్వాత కూడా నాకు తల బరువెక్కుతుంది. రుద్రేశ్ కొన్నిచోట్ల ఊపిరి తీసుకోనివ్వడు. మన విజయనగరం ఆవిడ అవసరాల కన్యాకుమారి గారి వయొలిన్‌కు ఇంకొంచెం చోటిచ్చి ఉండాల్సింది. ఆవిడ రెండు శాక్సఫోన్ల మధ్య నిలబడి ఇద్దరికీ జవాబు చెప్పేటప్పుడే ఇది ఒక కుటుంబం అనిపిస్తుంది. పెద్ద ట్రాక్‌ల మధ్య వచ్చే చిన్న చిన్న ఆలాపనలు మొదట్లో దాటేసేవాణ్ణి, ఇప్పుడు వాటికోసమే పెడతాను.

ఫోన్ స్పీకర్లో వినకండి, కార్లో డి రోసా వాయించే బేస్, అంటే అడుగు స్వరాల తీగవాద్యం, బొత్తిగా వినపడదు. పియానో లేని చోట నేల అంతా ఆ బేస్‌దే. హెడ్‌ఫోన్ ఉన్నా ఫ్యాను హోరులో సగం పోతుంది, మే నెలలో మా ఊర్లో ఫ్యాను ఆపడమంటే మాటలు కాదు. నేను ఆపి, తుండుగుడ్డ మెడకు చుట్టుకుని వింటాను. మొదటి ట్రాక్ నుంచి కాకుండా ‘కల్యాణి’తో మొదలుపెట్టండి.

అమ్మ ఇప్పటికీ కల్యాణి మొదలవగానే వంటింట్లోంచి కూనిరాగం తీస్తుంది. డ్రమ్స్ రాగానే మిక్సీ వేస్తుంది.